సత్యవేడు సీసా

మొదటి కుక్క తలకాయ కోసిన రోజు కోమలవల్లి మూడుసార్లు వాంతి చేసుకుంది. నాలుగోసారికి కడుపులో ఏమీ మిగల్లేదు కాబట్టి పని పూర్తయింది. పుర్రెను రంపంతో కోసి, డబ్బా మూత తీసినట్టు పైభాగం ఎత్తి, మెదడులోంచి చిక్కుడు గింజంత ముక్క తీసి సీసాలో వేయాలి. పనిగా చెప్పుకుంటే ఇంతే. కానీ ఆ తలకాయలు వచ్చే తీరు చూడాలి! ఒకటి పాల క్యానులో వస్తుంది, ఒకటి రంగు డబ్బాలో, ఒకటి ఎరువుల సంచిలో. ఉప్పు చల్లినవి కొన్ని, ఎర్ర బస్సు టాపు మీద ఎండలో పడి పురుగులు పట్టినవి కొన్ని. చచ్చిన కుక్క కళ్ళు మూసుకోదు. కోస్తున్నంతసేపూ మన వంకే చూస్తుంటుంది.

పుట్టింది చూస్తే తరతరాలుగా గుడి కైంకర్యంలో ఉన్న ఇంట్లో. ఉల్లిపాయ తొక్క కూడా గడప దాటి లోపలికి రాదు. అలాంటి ఇంటి పిల్ల పిచ్చికుక్కల రోగం మీద పరిశోధన చేస్తానంటే వాళ్ళమ్మ రమామణి రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు ఒక ఒప్పందానికి వచ్చింది. కుక్కను కోసిన రోజు వీధి వాకిలి వైపు రాకూడదు. పక్కసందులోంచి పెరట్లోకి వచ్చి, బావి దగ్గర రెండు బకెట్లు నెత్తిన పోసుకుని, తడి బట్టలతోనే లోపలికి రావాలి. నాలుగేళ్ళుగా రమామణి ఆ రెండు బకెట్లూ సాయంత్రానికల్లా తనే తోడి పెడుతోంది. ఒక్కరోజు కూడా తప్పలేదు.

పరిశోధన కేంద్రం అలిపిరి వైపు దారిలో, ఒక పాత సత్రానికి రేకులు మార్చి పెట్టింది. దానికి అధిపతి శఠగోపం గారు. నుదుటి నిండా నామం, నోటి నిండా మాట. ఆయన గదిలో కుర్చీకి తెల్ల తువ్వాలు, బల్ల మీద గంధం వాసన. తలకాయలు కోసే గది వెనకాల, పాత వంటిల్లు. ఆయన ఆ గదిలోకి వచ్చింది ఉద్యోగంలో చేరిన రోజు ఒక్కసారే, అదీ గుమ్మం దాకానే.

అప్పట్లో పిచ్చికుక్క కాటుకు మందంటే గొర్రె మెదడు. గొర్రెకు ఆ రోగం ఎక్కించి, అది కొట్టుకుని కొట్టుకుని పడిపోయాక మెదడు తీసి రుబ్బి, అందులో ఉన్న వైరస్‌ను చంపి, ఆ రసాన్ని బొడ్డు చుట్టూ పధ్నాలుగు రోజులు పొడిచేవాళ్ళు. పొట్ట గడ్డలు కట్టేది. కొందరికి కాళ్ళు చచ్చుబడేవి. కోమలవల్లికి కుక్క తలకాయల మీద అసహ్యం ఆర్నెల్లలో పోయింది. ఈ మందు మీద అసహ్యం మాత్రం పోలేదు.

సత్యవేడు నుంచి చిన్నబ్బ వచ్చింది 1984 జూన్‌లో. మజ్జిగ కుండలో తలకాయ పెట్టి, దాని మీద వేపాకు కప్పి, కుండను ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడు. శనక్కాయ చేనులో కలుపు తీస్తుంటే ఆయన భార్య కుప్పమ్మను కుక్క పిక్క మీద కరిచింది. ఆయన దాన్ని వెంటాడి కొట్టి చంపి, తల కోసి, ఎవరో చెబితే ఇక్కడికి తెచ్చాడు. కోమలవల్లి సూక్ష్మదర్శినిలో చూసింది. రోగం ఉంది.

"సూదులు ఒక్క రోజు కూడా వదలొద్దన్నా. పధ్నాలుగూ వేయిస్తే ఏం కాదు" అని చెప్పింది.

ఆ మాట తను ఎంత ధీమాగా చెప్పిందో ఆమెకు బాగా గుర్తుంది. ఎందుకంటే ఆగస్టులో చిన్నబ్బ మళ్ళీ వచ్చాడు, ఈసారి ఉత్త చేతులతో.

"మీరు చెప్పినట్టే పద్నాలుగూ ఏయించినా గదమ్మా. ఒగటి గూడా ఇడిసిపెట్టలే. నలబై మూడో దినం నీళ్ళు సూసి అరిసింది. నాలుగు దినాల్లో పాయ. ఏం తప్పు సేసినామో మీరన్నా సెప్తారని వచ్చినా."

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే ఆమెకు సుఖంగా ఉండేది. ఏం తప్పు చేశారో ఆమెకు తెలియలేదు. మందు చెడిపోయిందేమో! లేక ఆ కుక్కలో ఉన్న వైరస్ వేరే రకమేమో! తేల్చడానికి ఒకటే దారి, ఆ వైరస్ లోపలి రాతను చదవడం. ఆమె చిన్నబ్బను బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయనకు తెలిసే మాటల్లో చెప్పింది.

"ఆ పురుగుకు పైన ఒక చొక్కా ఉంటుందన్నా. మందు వేసుకుంటే మన ఒళ్ళు ఆ చొక్కాను గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ కనిపిస్తే పట్టుకుంటుంది. మీ కుక్కలోని పురుగు వేరే చొక్కా వేసుకుందేమోనని నా అనుమానం. ఆ చొక్కా కుట్టే కొలతలు పురుగు లోపలే రాసి ఉంటాయి. ఇప్పుడు కొత్త చదువు ఒకటి వచ్చింది. ఆ కొలతలున్న ముక్కను కత్తిరించి, ఎవరికీ హాని చేయని ఇంకో సూక్ష్మజీవిలో అతికిస్తే, అది ఉత్త చొక్కాలే కుట్టి కుప్పపోస్తుంది. పురుగు ఉండదు, చొక్కా మాత్రం ఉంటుంది. దాన్నే మందుగా వాడొచ్చు."

"గొర్రె మెదడు అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"బొడ్డు సుట్టూ పద్నాలుగు గూడా అక్కర్లేదా?"

"అదీ అక్కర్లేకుండా చేయాలనే. మీ కుక్క మెదడు ముక్క సీసాలో దాచి పెట్టాను, దాంతోనే."

చిన్నబ్బ "అయితే ఆ సీసా బద్దరంగా పెట్టమ్మా" అని లేచాడు. అప్పట్నుంచి రెండు నెలలకోసారి వచ్చేవాడు. ఒక సంచి శనక్కాయలు బల్ల మీద పెట్టి, "సీసా ఉండాదా?" అని అడిగేవాడు. కోమలవల్లి గడ్డపెట్టె తలుపు తీసి చూపించేది. చుట్టూ పొగలాగా చలి కమ్ముకున్న నలభై మూడు సీసాల్లో పంతొమ్మిదోది: సత్యవేడు. మూతికి మైనం, మైనం మీద తన వేలిముద్ర. చూసి, తలాడించి, వెళ్ళిపోయేవాడు.

కేంద్రం మొత్తానికి గడ్డపెట్టె అదొక్కటే. బీరువాలాగా నిలబడి ఉండి లోపల నాలుగు అరలు. నీళ్ళు గడ్డకట్టే దానికంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ చలి. ఆ చలిలో ఉన్నంతకాలం పురుగు లోపలి రాత చెక్కు చెదరదు. కరిగితే మాత్రం ఆ రాత ముక్కలు ముక్కలై పోతుంది. మళ్ళీ గడ్డకట్టించినా అతుక్కోదు. ఈ సంగతి కోమలవల్లి కాగితం మీద రాసి తలుపుకు అంటించింది కూడా. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి.

1985 మే నెల మూడో శనివారం ఆమె బెంగుళూరు వెళ్ళింది. కత్తిరించి అతికించే ఆ కొత్త చదువు తెలిసిన ప్రయోగశాల అక్కడ ఒకటి ఉంది. ఎనిమిది నెలలుగా ఉత్తరాలు రాస్తోంది. అక్కడి పెద్దాయన ఆదివారం కూడా కూర్చుని ఆమె కోతల వివరాలు రాసుకున్న పుస్తకమంతా చూశాడు. పంతొమ్మిదో నంబరు దగ్గర ఆగి, పధ్నాలుగు సూదులూ పడ్డాక కూడా చనిపోయిన మనిషి సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. "జూన్ పదికి తీసుకురండి. మొదట ఆ సీసాతోనే మొదలు పెడదాం" అన్నాడు. తిరుగు బస్సులో కోమలవల్లికి పలమనేరు దాకా నిద్ర రాలేదు. సోమవారం రమ్మని చిన్నబ్బకు ముందే కార్డు రాసి ఉంది. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో బస్సులో కూర్చుని పదిసార్లు అనుకుంది.

సోమవారం పొద్దున పదిన్నరకు ఆమె కేంద్రంలో అడుగుపెట్టేసరికి గుమ్మానికి మామిడాకులు. ముగ్గు. ఢిల్లీ నుంచి నిధులిచ్చే కమిటీ వచ్చే రోజు అది. ముగ్గురు పెద్దమనుషులు శఠగోపం గారి గదిలో తెల్ల తువ్వాళ్ళ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. చేతుల్లో అరిటాకు ముక్కలు, ముక్కల్లో తిరుమల లడ్డూలు.

"ఇదిగో, మా కోమలవల్లి! కుక్కలంటే ఈమెకు పంచప్రాణాలు" అని శఠగోపం గారు నవ్వి, ఒక లడ్డూ ఆమె చేతిలో పెట్టారు.

ఆమె అలవాటుగా కళ్ళకద్దుకుంది. అద్దుకుంటున్నప్పుడే రెప్పలకు చల్లగా తగిలింది. రాత్రంతా ప్రయాణం చేసిన కళ్ళు కదా అనుకుంది. కొరికింది. పళ్ళు జిల్లుమన్నాయి. లోపల నెయ్యి రాయిలా గట్టిపడి ఉంది. జీడిపప్పు గాజుముక్కలా తగిలింది.

మే నెల. తిరుపతి. రేకుల కప్పు. బయట నిలబడితే తలలోని కొబ్బరినూనె కారి మెడలోకి వస్తోంది. ఈ ఊళ్ళో ఈ కేంద్రంలో లడ్డూ గడ్డకట్టే జాగా ఒకటే ఉంది.

"భలే చల్లగా ఉందే! ఇలాంటిది మేం ఎక్కడా తినలేదు" అని కమిటీలో ఒకాయన ఇంగ్లీషులో మెచ్చుకున్నాడు. మీసాలకు అంటిన బూందీ తుడుచుకున్నాడు. శఠగోపం గారి ముఖం వెలిగిపోయింది.

కోమలవల్లి నోట్లో ముద్ద అలాగే ఉంది. ఉమ్మేయాలి. కానీ ప్రసాదం ఉమ్మేసిన మనిషిని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నేల మీద పడ్డ పలుకును కూడా ఏరి కళ్ళకద్దుకున్న ఇల్లు వాళ్ళది. నాలుక మీద తీపి, గొంతులో పైకి తన్నుకొస్తున్న వాంతి, రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. ఆమె మింగింది. మింగినందుకు తన మీద తనకే రోత పుట్టింది. మిగిలిన లడ్డూను ఆకులో చుట్టి బల్ల అంచున పెట్టి వెనక గదికి పరుగెత్తింది.

గడ్డపెట్టె తలుపుకు ఆమె అంటించిన కాగితాలు లేవు. వాటి చోట మూడు పసుపు బొట్లు, మధ్యలో కుంకుమ. తలుపు తీసింది. నాలుగు అరల్లోనూ గంపలు, గంపల్లో లడ్డూలు. పై అరలో గంప సగమే నిండింది, దాని పక్కన ఖాళీ. పచ్చకర్పూరం వాసన ముక్కుపుటాల్లోకి కొట్టింది.

అటెండరు మునిరామయ్య గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సీసాలు యాడ?" అంది కోమలవల్లి. ఇంట్లో వద్దన్న యాస, కంగారులో బయటికొచ్చింది.

"నన్నేం అనొద్దమ్మా. శనివారం లడ్డూలొచ్చినాయి. ఎండకు నెయ్యి కారిపోతాది, సీమలు పడతాయి, పెట్టెలో పెట్టమన్నారు అయ్యగారు. పై అర కాళీగానే ఉండాది సామీ, ఆడ పెడతా అంటి. కుక్కదీ దేవుడిదీ ఒగే తలుపు ఎనక ఎట్ల పెడతావురా, బుద్దుండాదా అని తిట్టినారు. అన్నీ తీయించి, పసుపు నీళ్ళతో కడిగించినారు. నేను ఐసుగడ్డలు తెచ్చి బకెట్లో ఏసి, సీసాలు అందులో పెట్టినా. నిన్న ఆయితారం, సెలవు గదమ్మా."

బకెట్టు వెనక వరండాలో, కక్కసు గోడ నీడలో ఉంది. నీడ పది గంటలకే తప్పుకుంది. ఐసు ఎప్పుడో నీళ్ళయింది, ఆ నీళ్ళు వేడెక్కాయి. నీళ్ళ మీద కొన్ని చీటీలు ఊడి తేలుతున్నాయి. మైనం మెత్తబడి రెండు మూతలు పైకి లేచాయి. ఆ వాసన గురించి చెప్పకపోవడమే మంచిది. నాలుగేళ్ళుగా ఆ పనిలో ఉన్న మనిషి కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. బకెట్టు అంచు మీద కాకి ఒకటి కూర్చుని ఉంటే అదిలించింది.

తొడుగులు వేసుకుని పంతొమ్మిదో సీసా వెతికి తీసింది. గోరువెచ్చగా ఉంది. ఊపితే లోపల పులుసులా కదిలింది. వేలిముద్ర ఉన్న మైనం ఒక పక్కకు జారిపోయింది.

కమిటీ కారు వెళ్ళేదాకా ఆమె వరండాలోనే కూర్చుంది. వెళ్ళాక శఠగోపం గారి గదికి వెళ్ళింది. ఆయన సంతోషంతో ఊగిపోతున్నారు.

"మంజూరైందమ్మా! జన్యువుల పని మనం ఇక్కడే చేసుకోవచ్చు. బెంగుళూరు వాళ్ళను దేబిరించాల్సిన పని లేదు. యంత్రం వస్తుంది, కొత్త గది వస్తుంది. అంతా స్వామి దయ."

"ఆ యంత్రంలో ఏం పెడతాం సార్?"

"అంటే?"

"నాలుగేళ్ళ సీసాలు బకెట్లో కుళ్ళిపోయినాయి. సత్యవేడుది కూడా పోయింది."

ఆయన ముఖం ఒక్క క్షణం వాడింది. ఒక్క క్షణమే.

"దానికేం, మళ్ళీ తెప్పించుకుందాం. తిరుపతిలో కుక్కలకు కొదవా? నువ్వూ ఆచారం తెలిసిన ఇంటి పిల్లవు. ప్రసాదం పక్కన ఆ కళేబరాలుంటే చూస్తూ ఊరుకుంటానా చెప్పు? మీ నాయన ఉంటే మాత్రం ఊరుకునేవాడా?"

నాయన ఏమనేవాడో ఆమెకు నిజంగానే తెలియదు. ఎదుటి మనిషి ముఖం మీది నామం, బల్ల మీది గంధం, ఆ తెల్ల తువ్వాలు, అన్నీ ఆమెకు వరండాలోని బకెట్టు కంటే ఎక్కువ కంపు కొట్టాయి. తిట్టడానికి మాటలు వెతుక్కుంటూ నిలబడింది.

ఆ సమయానికే చిన్నబ్బ వచ్చాడు. శనక్కాయల సంచి గుమ్మం బయట పెట్టి, చెప్పులు విడిచి, కార్డు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరయ్యా? ఆ సత్యవేడు ఆయనేనా? రా, రా. మంచి గడియలో వచ్చినావు" అని శఠగోపం గారు ధారాళంగా ఒక లడ్డూ తీసి చేతిలో వేశారు. చిన్నబ్బ రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు. "సల్లగుండాదే" అని ఆశ్చర్యపోయి, తుంచి నోటి దగ్గరకు తీసుకున్నాడు.

"తినొద్దన్నా."

కోమలవల్లి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఢిల్లీ వాళ్ళు మీసాలు తుడుచుకుంటున్నప్పుడు పెగలని గొంతు అది.

"అది నీ సీసా ఉన్న పెట్టెలోది. సీసాను తీసి బయట పెట్టి, ఆ జాగాలో వీటిని పెట్టినారు. కరిగిపోయింది. ఇంక దాన్ని చదవలేం. కుప్పమ్మ ఎందుకు చనిపోయిందో నేనింక చెప్పలేను."

"వల్లీ!" అన్నారు శఠగోపం గారు. "ప్రసాదం తినొద్దంటావా? మహాపాపం!"

చిన్నబ్బ తుంచిన ముక్కను మళ్ళీ లడ్డూకు ఆనించి, మొత్తాన్ని మెల్లగా బల్ల మీద, మంజూరు కాగితాల మీద పెట్టాడు. నెయ్యి కాగితంలోకి ఇంకింది.

"మీ కాడే ఉండనీ సామీ" అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "యాడ పెట్టినారమ్మా బయట?"

చూపించింది. ఆయన ముక్కు మూసుకోలేదు. బకెట్టు ముందు గొంతుకూర్చుని, ఏది తనదో అడిగి తెలుసుకుని, చాలాసేపు చూశాడు. ముట్టుకోబోతే ఆమె ఆపింది. రాత చదవలేనంతగా పాడైనా ఎక్కడో ఒక పురుగు ఇంకా బతికి ఉండొచ్చు, కాల్చేయాలి అని చెప్పింది.

"కాల్సేటప్పుడు నేను గూడా ఉంటా" అన్నాడు.

పెరట్లో ఇటుకలతో కట్టిన గుంత ఉంది. మునిరామయ్య కట్టెలు పేర్చి కిరసనాయిలు పోశాడు. కోమలవల్లి నలభై మూడు సీసాలూ ఒక్కొక్కటే వేసింది. పంతొమ్మిదోది చివర వేసింది. గాజు పగిలే చప్పుడు వస్తున్నంతసేపూ చిన్నబ్బ తువ్వాలు నడుముకు చుట్టుకుని మంటకు ఎదురుగా నిలబడ్డాడు. ఎండకు ఎండ, మంటకు మంట. పక్కకు రమ్మన్నా రాలేదు.

"కుప్పమ్మను గూడా వరండాలోనే పెట్టినారమ్మా ఆస్పత్రిలో" అన్నాడు కాసేపటికి. "లోపల మంచాలు కాళీగానే ఉండె."

మంట చల్లారాక ఆయన బూడిద మీద రెండు గుప్పిళ్ళ మన్ను చల్లి, "మళ్ళా మా ఊర్లో ఏ కుక్కన్నా కరిస్తే తలకాయ నేనే తెస్తా. ఆ పెట్టెకు తాళం ఏసి, బీగంచెవి నీ కొంగుకు కట్టుకో" అని చెప్పి, బస్సు టైమవుతోందని వెళ్ళిపోయాడు. శనక్కాయల సంచి గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

సాయంత్రం కోమలవల్లి పక్కసందులోంచి కాకుండా వీధిలోంచే నడిచి వచ్చి, ఇంటి ముందు ఆగింది. రమామణి అరుగు మీద మల్లెపూలు కడుతోంది. రెండు రోజుల ప్రయాణం తర్వాత వచ్చిన కూతురి ముఖం చూసి దారం కింద పెట్టింది.

"బెంగుళూరు నుంచి ఇప్పుడేనా రావడం? ఈరోజు కోతలేమీ లేవనుకుని నీళ్ళు తోడలేదే."

"లేదమ్మా. ఈరోజు కుక్కను కోయలేదు."

"అయితే ఇట్లానే లోపలికి రా."

కోమలవల్లి గడప దాకా వచ్చి ఆగిపోయింది. నాలుక మీద ఇంకా పచ్చకర్పూరం రుచి ఉంది. పొద్దుట్నుంచి నాలుగుసార్లు పుక్కిలించినా పోలేదు.

"రానమ్మా" అంది, వెనక్కి తిరిగి సందు వైపు నడుస్తూ. "ఈరోజు నాలుగు బకెట్లు తోడు."